ఫోన్ ఊరికి చేరింది, తోటి మనిషి చేరాలి

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. తీవ్రమైన మానసిక జబ్బుతో కొన్ని వారాలు వార్డులో గడిపి, మందుల చీటీ పట్టుకుని ఇంటికి చేరిన మనిషిని దగ్గర నుంచి చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. మందు వేసుకుంటే పొద్దెక్కినా మత్తు వదలదు. ఒళ్లు పెరుగుతుంది, చేతులు వణుకుతాయి. మానేస్తే జబ్బు తిరగబెడుతుందేమోనని భయం. ఇంట్లోవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. చుట్టాలు సంబంధాల ఊసెత్తడం మానేస్తారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరునే తిట్టుగా వాడే సమాజం మనది కాబట్టి, బాధను బయట చెప్పుకోవడానికి నోరు రాదు. డాక్టరును మళ్లీ కలిసేది నెలకో, రెండు నెలలకో. ఈలోగా వచ్చే సందేహాలన్నీ ఎవరిని అడగాలి?

గడిచిన పాతికేళ్లలో ఈ ప్రశ్నకు ప్రపంచవ్యాప్తంగా రెండు రకాల జవాబులు వచ్చాయి. ఆ కష్టాన్ని తానూ పడి తేరుకున్న మనిషిని జీతమిచ్చి వైద్య బృందంలో చేర్చుకోవడం మొదటిది. ఇలా చేరినవారిని పీర్ సపోర్ట్ వర్కర్ అంటున్నారు. చేతిలో ఉన్న మొబైల్ ఫోన్‌ను వైద్యానికి వాడుకోవడం రెండోది. ఈ రెండింటి గురించీ విడివిడిగా చాలా రాశారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఇప్పటిదాకా దొరికిన సాక్ష్యం ఏం చెబుతోందో, మన రెండు తెలుగు రాష్ట్రాలు ఎక్కడ నిలిచాయో చూడటం ఈ వ్యాసం పని.

ముందు నడిచినవాళ్లు

పీర్ వర్కర్‌కు అర్హత ఆయన పడి లేచిన అనుభవమే. దానికి శిక్షణ తోడవుతుంది, బాధ్యత తోడవుతుంది. ఆయన మందులు రాయడు, రోగనిర్ణయం చేయడు. మందు వేసుకున్న పొద్దున ఎలా ఉంటుందో చెబుతాడు. తిరిగి పనిలో చేరినప్పుడు సహోద్యోగుల చూపులను ఎలా తట్టుకున్నాడో చెబుతాడు. జబ్బు తిరగబెట్టే ముందు తన ఒంట్లో, నిద్రలో, మాటలో కనిపించిన గుర్తులేమిటో చెబుతాడు. కోలుకోవడం సాధ్యమేనని చెప్పడానికి ఆయన వేరే రుజువు తేనక్కర్లేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దం చివర పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో జాన్ బాతిస్త్ ప్యూసాఁ అనే పర్యవేక్షకుడు, కోలుకున్న రోగులనే వార్డు సేవకులుగా పెట్టుకునేవాడు. వాళ్లు రోగుల మీద చెయ్యెత్తరని అతని నమ్మకం. ప్యూసాఁ కూడా ఒకప్పుడు అదే ఆసుపత్రిలో క్షయ సంబంధమైన గండమాలతో చికిత్స పొందినవాడే. అతని పద్ధతి నుంచి ఎంతో నేర్చుకున్న వైద్యుడు ఫిలిప్ పినెల్‌కు చరిత్రలో పెద్ద పేరు వచ్చింది. అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ తన ఆసుపత్రి అనుభవాలను 1908లో పుస్తకంగా తెచ్చి, మానసిక ఆరోగ్య సంస్కరణ ఉద్యమానికి ఊపిరి పోశాడు. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానినవాడే తాగుడు మానాలనుకునేవాడికి దన్ను అన్న సూత్రం మీద నిలబడింది. 1970లలో మాజీ రోగుల ఉద్యమం బలపడింది. ఆ ఉద్యమ నాయకురాలు జూడీ చాంబర్లిన్ 1978లో, రోగులే నడుపుకునే ప్రత్యామ్నాయ సేవల గురించి పుస్తకం రాసింది.

ఉద్యమం ఉద్యోగంగా మారడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1999లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం పీర్ వర్కర్ల సేవకు పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నుంచి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. 2007లో మెడికెయిడ్‌ను పర్యవేక్షించే కేంద్ర సంస్థ అన్ని రాష్ట్రాలకూ లేఖ రాస్తూ పీర్ సపోర్ట్‌ను రుజువున్న సేవగా గుర్తించింది. అందుకు మూడు షరతులు పెట్టింది: పైన పర్యవేక్షణ ఉండాలి, మిగతా చికిత్సతో సమన్వయం ఉండాలి, శిక్షణా ధ్రువీకరణా ఉండాలి. జీతం ఎక్కడి నుంచి వస్తుందో తేలాకే ఈ వృత్తి అక్కడ నిలదొక్కుకుంది. మనం ముందుగా గమనించాల్సింది ఇదే.

సాక్ష్యం ఎంతవరకు?

ఈ పని మంచిదని మనసుకు తోచడం వేరు, పరీక్షకు నిలవడం వేరు. 2013లో వచ్చిన కొక్రేన్ సమీక్ష 11 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 2,796 మందిని పరిశీలించింది. అదే పనిని పీర్ వర్కర్లు చేసినా వృత్తి నిపుణులు చేసినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. అయితే ఆ ప్రయోగాల నాణ్యత అంత గట్టిది కాదని కూడా చెప్పింది. మరుసటి ఏడు మరో బృందం 18 ప్రయోగాలను, 5,597 మంది వివరాలను జల్లెడ పట్టింది. ఆసుపత్రిలో చేరికలు తగ్గాయనడానికి బలమైన ఆధారం దొరకలేదు. ఆశ, కోలుకుంటున్నామన్న భావన, తన జీవితం మీద తనకు పట్టు ఉందన్న నమ్మకం మాత్రం కొంత పెరిగినట్టు కనిపించింది.

తర్వాత ఇంగ్లండ్‌లో జరిగిన రెండు పెద్ద ప్రయోగాలు ఈ చిత్రాన్ని ఇంకా ఆసక్తికరం చేశాయి. 2018లో లాన్సెట్‌లో వచ్చిన మొదటి దానిలో, సంక్షోభ సమయంలో ఇంటి దగ్గరే చికిత్స పొంది బయటపడిన 441 మంది పాల్గొన్నారు. ఒక వర్గానికి కోలుకునే దారిని తామే రాసుకునే అభ్యాస పుస్తకాన్ని ఇచ్చి ఊరుకున్నారు. మరో వర్గానికి అదే పుస్తకంతోపాటు పది సార్లు కూర్చుని మాట్లాడే పీర్ వర్కర్‌ను కూడా ఇచ్చారు. ఏడాదిలో మళ్లీ అత్యవసర మానసిక చికిత్స అవసరమైనవారు పుస్తకం ఒక్కటే అందినవారిలో 38 శాతం, పీర్ వర్కర్ తోడున్నవారిలో 29 శాతం. పుస్తకం రెండు వర్గాలకూ ఒకటే కాబట్టి ఈ తేడా తోటి మనిషి తెచ్చినదే.

రెండోది 2022లో వెలువడింది. అంతకుముందు కూడా ఆసుపత్రిలో చేరి ఉన్న 590 మందికి, డిశ్చార్జి ముందు నుంచే పీర్ వర్కర్‌ను తోడిచ్చి చూశారు. ఏడాదిలో తిరిగి చేరినవారి సంఖ్యలో గణనీయమైన తేడా రాలేదు. పీర్ వర్కర్‌ను సమర్థించేవాళ్లు ఈ రెండో ఫలితాన్ని దాచకూడదు. పదేపదే ఆసుపత్రి పాలవుతున్న మనిషికి ఇల్లు, ఆదాయం, మందులు, వైద్యుడు కూడా కావాలి. తోడు ఎంత ఆత్మీయమైనదైనా వాటి లోటును పూడ్చలేదు.

ఫోన్ ఒక్కటే ఏం చేస్తుంది?

మొబైల్ వైద్యం పేరుతో జరుగుతున్న పనులు పలు రకాలు. మందు వేళకు మెసేజ్, నిద్రనూ మూడ్‌నూ రోజూ నమోదు చేసే యాప్, వీడియో కాల్‌లో కౌన్సెలింగ్, హెల్ప్‌లైన్, ఆరోగ్య కార్యకర్త చేతిలో ట్యాబ్. మానసిక ఆరోగ్యం పేరుతో వేల యాప్‌లు దొరుకుతున్నాయి. వాటిని దింపుకున్నవాళ్లు ఎన్నాళ్లు వాడుతున్నారు? ఆదరణ ఉన్న 93 యాప్‌లను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు వారాలు గడిచేసరికి సగటు యాప్‌ను ఇంకా తెరుస్తున్నవారు నూటికి నలుగురు. నెల తిరిగేసరికి ముగ్గురే మిగిలారు. డిప్రెషన్‌లో మంచం దిగడానికే ఓపిక లేని మనిషి తనంతట తాను రోజూ యాప్ తెరవాలని ఆశించడంలోనే లోపముంది.

డేవిడ్ మోర్, పిమ్ కైపర్స్, కెనెత్ లేమన్ 2011లోనే దీనికి కారణం సూచించారు. మన మంచి కోరే, మనకు నమ్మకమున్న ఒక మనిషి అటువైపు ఉండి, చేశావా అని అడుగుతాడని తెలిసినప్పుడే జనం ఇలాంటి సాధనాలను వాడతారని వారి ప్రతిపాదన. ఆ మనిషి డాక్టరే కానక్కర్లేదు.

అయితే ఫోన్‌ను తక్కువ చేయడానికి కూడా వీల్లేదు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్రమైన జబ్బులున్న 163 మందితో డ్రోర్ బెన్ జీవ్ బృందం అమెరికాలో జరిపిన ప్రయోగం 2018లో వచ్చింది. సగం మందికి ఫోకస్ అనే ఫోన్ కార్యక్రమాన్ని ఇచ్చారు. మిగతావారిని, కోలుకున్నవాళ్లే నడిపే వ్రాప్ అనే బృంద శిక్షణకు రమ్మన్నారు. ఫోన్ కార్యక్రమాన్ని 90 శాతం మంది మొదలుపెట్టారు. బృందానికి ఒక్కసారైనా వచ్చినవారు 58 శాతమే. చివరికి జబ్బు లక్షణాల్లో తగ్గుదల ఇరువైపులా దాదాపు ఒకటే. బస్సెక్కి సమావేశానికి వెళ్లలేని మనిషిని ఫోన్ ఇంటికే వెళ్లి పట్టుకుంది. పైగా ఫోకస్ వట్టి యాప్ కాదు. వారం వారం ఫోన్ చేసి పలకరించే సహాయకుడు దాని వెనక ఉన్నాడు.

రెండూ కలిసినచోట

ఇక్కడి నుంచి పరిశోధన సహజంగానే రెండింటినీ కలపడం వైపు నడిచింది. డార్ట్‌మత్‌లో కారెన్ ఫార్చునా బృందం రూపొందించిన పీర్‌టెక్, వయసు మళ్లినవారిలో మానసిక జబ్బుతోపాటు మధుమేహం, గుండెజబ్బు వంటివి ఉన్నవారి కోసం ఉద్దేశించినది. పీర్ వర్కర్ ఇంటికి వస్తాడు. రెండు సందర్శనల మధ్య ఫోన్‌లోని పాఠాలు, మెసేజ్‌లు ఆ సంబంధాన్ని తెగకుండా ఉంచుతాయి. ఏ పాఠం ఎలా చెప్పాలో పీర్ వర్కర్‌కు ట్యాబ్ గుర్తుచేస్తుంది. తొలి ప్రయోగం చాలా చిన్నది. తీవ్రమైన మానసిక జబ్బులున్నవారికి డిజిటల్ పీర్ సపోర్ట్ మీద 2020లో ఇదే బృందం చేసిన సమీక్షకు 30 అధ్యయనాలు దొరికాయి. చాలావాటిలో ఇది ఆచరణకు వీలైనదే, జనం ఒప్పుకుంటున్నారు అన్నంతవరకే తేలింది.

బలమైన ఫలితం మన పక్క దేశం నుంచి వచ్చింది. కాన్పుకు ముందూ తర్వాతా వచ్చే డిప్రెషన్‌కు ‘థింకింగ్ హెల్దీ’ అనే చికిత్సను పాకిస్తాన్ పల్లెల్లో అతీఫ్ రెహ్మాన్ బృందం ఏళ్లుగా అభివృద్ధి చేస్తూ వస్తోంది. దాన్ని ఊళ్లోని తోటి తల్లుల చేత చెప్పించే ప్రయోగాలు రావల్పిండిలోనూ మన గోవాలోనూ జరిగి 2019లో ఫలితాలు వచ్చాయి. గోవాలో తోటి తల్లుల సాయం అందినవారిలో ఎక్కువమంది ఆరు నెలలకు డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. రావల్పిండిలో ఆరు నెలల నాటికి ప్రధాన ఫలితంలో తేడా తేలలేదు. తర్వాత ఆ బృందం చికిత్సా పాఠాన్ని బొమ్మల పాత్రలతో, కథనంతో యాప్‌లో పెట్టింది. వైద్య శిక్షణ లేని తోటి స్త్రీ ట్యాబ్ పట్టుకుని ఇంటికి వెళుతుంది. పాఠం యాప్ చెబుతుంది. పక్కన కూర్చోవడం, వినడం, ఇంట్లోవాళ్లను ఒప్పించడం, మరుసటి వారానికి పని అప్పగించడం ఆమె పని. 980 మంది గర్భిణులతో చేసిన ఈ ప్రయోగం 2025లో ప్రచురితమైంది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే చికిత్సకు ఇది ఏమాత్రం తీసిపోలేదు.

ఈ పని విభజన గమనించదగ్గది. గుర్తుంచుకోవాల్సిన పాఠం, తప్పకూడని క్రమం, దూరం నుంచి పర్యవేక్షణ యంత్రానికి వదిలేశారు. నమ్మకం కలిగించడం మనిషికి ఉంచారు. చాలా యాప్‌లు ఆ రెండో పని కూడా తామే చేస్తామని బయల్దేరి ఓడిపోయాయి. చాలా పీర్ కార్యక్రమాలు మొదటి పనిని కూడా మనిషి నెత్తినే పెట్టి అలసిపోయాయి.

పశ్చిమ గోదావరి పాఠం

మన దగ్గర ఏం జరిగింది? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఈ ఖాళీని ఫోన్‌తో పూడ్చే ప్రయత్నం దేశంలోనే చెప్పుకోదగ్గ స్థాయిలో జరిగింది మన పశ్చిమ గోదావరి జిల్లాలో.

జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ తరఫున పల్లబ్ మౌలిక్ బృందం ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో దాన్ని నడిపింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగేవారు. సమస్య ఉందని తేలినవారి వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ట్యాబ్‌కు చేరేవి. ఏ చికిత్స ఇవ్వాలో డాక్టరుకు అందులోనే సూచనలు ఉండేవి. ఎవరు ఆసుపత్రికి వెళ్లలేదో, ఎవరు మందులు ఆపేశారో ఆశా తన ట్యాబ్‌లో చూసుకుని మళ్లీ ఆ గడప తొక్కేది. గిరిజన గ్రామాల్లో జరిగిన తొలి దశలో 5,007 మందిని పరీక్షిస్తే 238 మందికి సమస్య ఉన్నట్టు తేలింది. వారిలో అంతకుముందు వైద్యం కోసం వెళ్లినవారు ఇద్దరంటే ఇద్దరు. కార్యక్రమం తర్వాత 30 మంది వెళ్లారు. సంఖ్య చిన్నదే. కానీ ఎవరూ కదలని చోట ఆ కదలిక వచ్చింది.

తర్వాత ఇదే పద్ధతిని పశ్చిమ గోదావరితోపాటు హరియాణాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాల్లో, 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, కోవిడ్ కాలంలోనే పెద్ద ఎత్తున పరీక్షించారు. కార్యక్రమం నడిచిన ఊళ్లలో డిప్రెషన్ తీవ్రత ఎక్కువగా తగ్గింది. పల్లెటూరి ప్రభుత్వ వ్యవస్థ, ఉన్న సిబ్బందితోనే మానసిక వైద్యం చేయగలదని మన జిల్లా రుజువు చేసింది. దీనికి మనం గర్వపడాలి.

కానీ ఒక వెలితి ఉంది. ఆశా కార్యకర్త ఊరి మనిషి, నమ్మకమున్న మనిషి. అయినా డిప్రెషన్ అనుభవించి బయటపడిన మనిషిగా ఆమెను ఆ పనికి ఎంచుకోలేదు. మానసిక జబ్బు మీద ఉన్న చిన్నచూపును పోగొట్టడానికి ఆ కార్యక్రమం నాటకాలు వేయించింది, జబ్బు అనుభవించినవారు మాట్లాడిన వీడియోలు చూపించింది. అంటే అనుభవమున్నవారి మాటకు విలువ ఉందని గుర్తించారు. ఆ మాట వీడియోగా ఊరికి వచ్చింది. ఆ మనిషి ఉద్యోగిగా రాలేదు.

జాతీయ స్థాయిలోనూ ఇంతే. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 తెలుగు సహా 20 భాషల్లో పలుకుతోంది. 2025 నాటికి 20 లక్షలకు పైగా కాల్స్ అందుకుంది. అటువైపు శిక్షణ పొందిన కౌన్సెలర్లు ఉన్నారు. కోలుకున్న మనిషికి అక్కడ ప్రత్యేకమైన కుర్చీ లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిస్టుకు, సైకాలజిస్టుకు, సోషల్ వర్కర్‌కు, నర్సుకు పోస్టులున్నాయి. పీర్ వర్కర్ పోస్టు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సమీక్షా బోర్డుల్లో రోగులకు, సంరక్షకులకు, వారి సంస్థల ప్రతినిధులకు చోటిచ్చింది. రోగి మాటకు బోర్డులో విలువ ఇచ్చిన దేశం, వార్డులో ఇవ్వడానికి ఇంకా ముందుకు రాలేదు.

ఇది అసాధ్యమేమీ కాదని గుజరాత్ చూపించింది. 2014 నుంచి 2016 వరకు అక్కడి ఆరు ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్వాలిటీరైట్స్ విధానాన్ని అమలు చేస్తూ పీర్ సపోర్ట్ వలంటీర్లను తయారుచేశారు. సిబ్బంది తీరు మెరుగైంది. తమ మాట చెల్లుతోందన్న భావన రోగుల్లో పెరిగింది.

జాగ్రత్త పడాల్సిన చోట్లు

మనసులో మాట ఫోన్‌లోకి వెళ్లాక అది ఎవరి చేతికి పోతుందన్నది మొదటి భయం. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్ తన వినియోగదారుల సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు ఇచ్చిందన్న ఆరోపణపై, అమెరికా వాణిజ్య కమిషన్‌తో కుదిరిన ఒప్పందంలో 78 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఇది 2023 నాటి మాట. మన 2017 చట్టం డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికీ గోప్యత హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఊరి ట్యాబ్ దాకా, పీర్ వర్కర్ వాట్సాప్ దాకా చేరాలి. సొంత నంబరు నుంచి, సొంత వాట్సాప్ గ్రూపులో ఈ పని చేయించడం ఇద్దరికీ ప్రమాదమే.

రెండోది ఇంట్లోని ఫోన్ ఎవరిదన్న ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తామే వాడుకునే ఫోన్ ఉందని చెప్పిన స్త్రీలు 54 శాతమే. మొగుడి ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లో మొగుడి దెబ్బల గురించి ఎలా మాట్లాడుతుంది? అలాంటి ఇంటికి మనిషే వెళ్లాలి.

మూడోది పీర్ వర్కర్ క్షేమం. అర్ధరాత్రి ‘ఇక బతకలేను’ అన్న మెసేజ్ వస్తే ఆమె ఒంటరిగా ఏం చేస్తుంది? ఎన్ని గంటల వరకు పలకాలి, ఆ తర్వాత కాల్ ఎవరికి మళ్లాలి, డాక్టరుకు ఎప్పుడు చెప్పాలి అన్నవి ముందే రాసి ఉండాలి. తనకే జబ్బు తిరగబెడితే ఉద్యోగం పోకుండా సెలవు దొరకాలి. ఫోన్ రాకతో పని గంటలకు హద్దు చెరిగిపోతుంది కాబట్టి ఆ హద్దును నియమంగా కాపాడాల్సింది సంస్థే.

నాలుగోది జీతం. సేవాభావం పేరుతో సరైన జీతం ఇవ్వకుండా పని చేయించుకోవడం మన వ్యవస్థకు అలవాటైపోయింది. గౌరవ వేతనాల కోసం రోడ్డెక్కిన ఆశా కార్యకర్తలను మన రెండు రాష్ట్రాలూ చూశాయి. మానసిక జబ్బు వల్ల చదువో ఉద్యోగమో మధ్యలో ఆగిపోయిన మనిషిని పిలిచి, అనుభవం పంచుకోమని, బస్సు ఛార్జీలు చేతిలో పెట్టి పంపడం అన్యాయం. ఆ మనిషికి జీతమే సగం చికిత్స.

ఇక చేయాల్సింది

మొత్తం మీద చూస్తే సాక్ష్యం నిరాడంబరమైనదే, కానీ దిశ స్పష్టంగా ఉంది. పీర్ వర్కర్ ఆశను, ఆత్మవిశ్వాసాన్ని పెంచుతాడు. చికిత్సకు పక్కా రూపం తోడైతే కొందరిని తిరిగి సంక్షోభంలో పడకుండా ఆపగలడు. ఫోన్ దూరాన్ని చెరిపేస్తుంది, క్రమం తప్పనివ్వదు. వెనక మనిషి లేకపోతే నెల తిరగకుండానే మూలపడుతుంది. తీవ్రమైన జబ్బుల్లో ఈ రెండూ కలిస్తే ఎంత లాభమో తేల్చే పెద్ద ప్రయోగాలు ఇంకా కావాలి. వాటిని చేయడానికి పశ్చిమ గోదావరి అనుభవమున్న నేల కంటే తగిన చోటు దొరకదు.

మొదటి అడుగు వేయడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఎర్రగడ్డ, విశాఖ ఆసుపత్రుల్లో డిశ్చార్జి వార్డుకు అనుబంధంగా, కొన్ని జిల్లాల మానసిక ఆరోగ్య బృందాల్లో పీర్ వర్కర్ పోస్టులు పెట్టవచ్చు. శిక్షణ, ధ్రువపత్రం, నెల జీతం, పైన ఒక పర్యవేక్షకుడు ఉంటే చాలు. ఆసుపత్రి ఇచ్చిన ఫోన్, ఆసుపత్రి నంబరు వాళ్ల చేతిలో ఉండాలి. డిశ్చార్జి అయిన మొదటి వారాల్లో క్రమం తప్పకుండా పలకరింపు, అవసరమైన చోట ఇంటికి రాక, మధ్యలో తెలుగులో పాఠాలు అందాలి. టెలి మానస్‌కు ఫోన్ చేసినవారు కోరితే వారికి పీర్ వర్కర్‌ను కలిపే ఏర్పాటు చేయవచ్చు. ఫలితాన్ని కొలిచేటప్పుడు ఆసుపత్రి చేరికలనే కాక, మనిషి తిరిగి పనిలో చేరాడా, నలుగురిలో కలుస్తున్నాడా, రేపటి మీద ఆశ పెట్టుకున్నాడా అన్నవీ లెక్కలోకి రావాలి. ఆ లెక్కలో ఏముండాలో నిర్ణయించే బల్ల దగ్గర కోలుకున్నవాళ్లు కూర్చోవాలి.

మన రెండు రాష్ట్రాల్లో మానసిక జబ్బును జయించి, సంసారాలు చేసుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా బతుకుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు సంపాదించిన జ్ఞానం ఏ వైద్య కళాశాలలోనూ దొరకదు. ఆ జ్ఞానాన్ని సిగ్గుపడి దాచుకోవాల్సిన గతంగా మిగల్చాలా, జీతమూ గౌరవమూ ఉన్న వృత్తిగా మలచాలా అన్నది మన ప్రభుత్వాల ముందున్న నిర్ణయం. దానికి కావలసిన చట్టం ఉంది, సాంకేతికత ఉంది, మొదలుపెట్టడానికి సరిపడా సాక్ష్యమూ ఉంది. మంజూరు కావలసింది పోస్టులే.